ఆళ్వారుస్వామి పుస్తకాల సంచి



ఎల్.బి. నగర్ చౌరస్తా మీ అందరికీ తెలుసు. అక్కడి నుంచి ఒక రోడ్డు సాగర్ వైపు పోతుంది. ఇంకో రోడ్డు విజయవాడ వైపు పోతుంది. మీలో చాలామంది ఈ రెండు రోడ్ల మీదుగానే పట్నం వచ్చారు. దేవరకొండ నుంచి వచ్చినవాళ్లున్నారు. చౌటుప్పల్, నల్లగొండ, సూర్యాపేట నుంచి వచ్చినవాళ్లున్నారు. మూటాముల్లె సర్దుకుని, పిల్లల చెయ్యి పట్టుకుని, ఇక్కడే బస్సు దిగారు. కొందరు ఎల్.బి. నగర్‌లో ఆగారు. కొందరు దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయి అక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నారు.

ఆ విజయవాడ రోడ్డు మీద సుమారు వంద కిలోమీటర్లు పోతే నకిరేకల్ వస్తుంది. నకిరేకల్ దగ్గర చెరువు మాదారం అనే ఊరు ఉంది. ఆ ఊళ్లో 1915లో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయన కథ కొంత వినాలి. ఆయనంటే ప్రాణం పెట్టిన ఇంకో రచయిత ఉన్నాడు. ఆ రచయిత పేరు దాశరథి రంగాచార్య. ఆయన సంగతి కూడా వినాలి. ఒకరి కథ చెబితే రెండోవారి కథ దానంతటదే వస్తుంది.

ఆళ్వారుస్వామి చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఇల్లు గడవడం కష్టమైంది. చదువు ఎక్కడ? బడి ఎక్కడ? పిల్లవాడు ఒక పంతులు గారి ఇంట్లో వంటకు కుదిరాడు. పొద్దున లేచి పొయ్యి రాజేయాలి. బియ్యం కడగాలి, కూర తరగాలి, గిన్నెలు తోమాలి. ఆ పని అయ్యాక పంతులు గారి దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాడు. వంట చేస్తూ చదువు నేర్చుకున్నాడన్నమాట.

ఈ మాట మీరు బాగా పట్టించుకోవాలి. ఈ కాలనీల్లో, అపార్టుమెంట్లలో ఎంతమంది ఆడవాళ్లు ఒకరింట్లో వంట చేసి, ఇంకొకరింట్లో అంట్లు తోమి, సాయంత్రం పలకా బలపం పట్టుకుని చదువుకు వచ్చారు? వాళ్లకు ఆళ్వారుస్వామి పరాయివాడు కాదు.

తర్వాత ఆయన విజయవాడ పోయాడు. అక్కడ ఒక హోటల్లో సర్వరుగా చేశాడు. టేబుళ్లు తుడిచాడు, ఇడ్లీ ప్లేట్లు అందించాడు. తీరిక దొరికితే చదువుకునేవాడు. ఎవరు చెప్పారని చదివాడు? ఎవరూ చెప్పలేదు. కథల రుచి నాలుకకు తగిలింది. ఒకసారి తగిలితే ఆ రుచి పోదు.

1933 ప్రాంతంలో ఆయన హైదరాబాద్ వచ్చాడు. అప్పటికి ఎల్.బి. నగర్ అనే పేరు లేదు. ఆ పేరు లాల్ బహదూర్ శాస్త్రి గారిది, చాలా ఏళ్ల తర్వాత పెట్టింది. దిల్‌సుఖ్‌నగర్ వైపంతా పొలాలు. ఇప్పుడు అక్కడ రోడ్డు దాటడమే గండం! మెట్రో రైలు నెత్తి మీద పోతోంది, కింద బస్సులు, ఆటోలు. ఆ రోజుల్లో అటు పొద్దుగూకితే నక్కలు కూసి ఉంటాయి.

పట్నంలో ఆయన గోలకొండ పత్రికలో పనికి కుదిరాడు. ఆ పత్రికను సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో మొదలుపెట్టారు. ఆళ్వారుస్వామి పని ప్రూఫులు దిద్దడం. అంటే ఏమిటి? పత్రిక అచ్చు కావడానికి ముందు ఒక కాగితం తీస్తారు. దాంట్లో ఎక్కడ గుడి తప్పిందో, ఎక్కడ ఒత్తు పోయిందో చూసి సరిచేయాలి. మీరు ఇప్పుడు మీ నోటు పుస్తకంలో చేసే పనే. వంటింట్లో అక్షరాలు నేర్చినవాడు పత్రికలో అక్షరాల తప్పులు పట్టే దాకా వచ్చాడు.

అప్పుడు రాజ్యం నిజాం నవాబుది. సర్కారు భాష ఉర్దూ. బడిలో చదువు ఉర్దూలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బడికి పోయి ఇంకో భాషలో చదవాలి. తెలుగులో సభ పెట్టుకోవాలన్నా, ఊళ్లో గ్రంథాలయం పెట్టుకోవాలన్నా సర్కారు కన్ను ఎర్రగా ఉండేది. అయినా కొందరు పట్టు వదల్లేదు. కోఠీ దగ్గర సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో పెట్టిన తెలుగు గ్రంథాలయం అది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోఠీ బస్సెక్కితే దాని దగ్గర్లో దిగవచ్చు. నూట ఇరవై ఏళ్లు దాటిన ఇల్లు. ఒకసారి పోయి చూడండి.

పట్నంలో గ్రంథాలయం ఉంది సరే. పల్లెల్లో ఏముంది? దొర గడీ ఉంది. గడీ అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. పటేలు ఉన్నాడు, పట్వారీ ఉన్నాడు. వెట్టి ఉంది. వెట్టి అంటే కూలి ఇవ్వకుండా చేయించే పని. చాకలి గడీలో బట్టలు ఉతకాలి, డబ్బులు లేవు. కుమ్మరి కుండలు ఇవ్వాలి, డబ్బులు లేవు. పచ్చి బాలింత కూడా బిడ్డను వదిలి పోవాల్సిందే. మీ అమ్మమ్మలనో, నాయనమ్మలనో అడిగి ఉంటే ఇవన్నీ చెప్పి ఉండేవారు. చాలామంది ఇళ్లలో వెట్టి సంగతులు ఇప్పటికీ మాటల్లో వస్తుంటాయి.

ఆ పల్లెలకు పుస్తకం తీసుకుపోవాలని ఆళ్వారుస్వామి అనుకున్నాడు.

1938లో ఆయన పుస్తకాలు అచ్చువేసే పని మొదలుపెట్టాడు. దానికి దేశోద్ధారక గ్రంథమాల అని పేరు పెట్టాడు. ఈ పేరు ఎందుకు పెట్టాడు? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారని ఒక పెద్దమనిషి ఉండేవారు. అమృతాంజనం తెలుసు కదా, తలనొప్పికి రాసుకునేది. అది మొదలుపెట్టింది ఆయనే. ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపారు, తెలుగు పుస్తకాలు అచ్చువేశారు. జనం ఆయన్ని దేశోద్ధారక అని పిలిచేవారు. ఆయన 1938లోనే పోయారు. ఆ ఏడే ఆళ్వారుస్వామి తన గ్రంథమాలకు ఆయన బిరుదు పెట్టుకున్నాడు. ఆళ్వారుస్వామి దగ్గర అమృతాంజనం డబ్బులు లేవు. ఉన్నది ఒక సంచి, రెండు కాళ్లు.

ఆ గ్రంథమాల నుంచి ముప్పైకి పైగా పుస్తకాలు వచ్చాయి. అచ్చు వేయించడం ఒక ఎత్తు. అమ్మడం ఇంకో ఎత్తు. ఆళ్వారుస్వామి ఆ పుస్తకాలు సంచిలో వేసుకుని తానే ఊరూరా తిరిగేవాడు. దుకాణం లేదు, బోర్డు లేదు. కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని గల్లీగల్లీ తిరిగే ఆడమనిషిని చూశారు కదా. సరిగ్గా అలాగే. గంపలో టమాటాల బదులు సంచిలో పుస్తకాలు, అంతే తేడా. కొన్నవాడు ఒకడైతే చదివేవాడు చదువుతుండగా వినేవాళ్లు పదిమంది. ఆ రోజుల్లో పల్లెలో చదువు వచ్చినవాళ్లు బహు తక్కువ. ఆడవాళ్లలో అయితే మరీ తక్కువ. అందుకని ఒకరు చదువుతుంటే చుట్టూ కూర్చుని వినడమే చదువు.

కథ వినడం మన పల్లెలకు కొత్త కాదు. ఒగ్గు కథ చెప్పేవాళ్లు డోలు మోగించగానే ఊరంతా కదిలేది. శారద కథలవాళ్లు వచ్చేవారు. చిందు భాగవతం ఆడేవాళ్లు వచ్చేవారు. తెల్లవార్లూ వినేవారు. కానీ ఆ కథల్లో ఉండేది దేవుళ్లు, రాజులు. గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి కథ, ఆ మనిషి మాట్లాడే మాటల్లో, అచ్చులో దొరికేది కాదు. ఆళ్వారుస్వామి మనసులో ఆ వెలితి ఉంది.

ఇంతలో ఆయన జైలుకు పోయాడు. ఒకసారి కాదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పోయాడు. తర్వాత నిజాం రాజ్యం మీద పోరాటంలో మళ్లీ పట్టుకుపోయారు. ఏళ్లకు ఏళ్లు జైల్లో గడిచాయి.

ఇక్కడ దాశరథి వారి ఇంటి పేరు కథలోకి వస్తుంది. ఈ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు కృష్ణమాచార్య, పెద్ద కవి. చిన్నవాడు రంగాచార్య. మానుకోట దగ్గర చినగూడూరు వాళ్ల ఊరు. మానుకోటను ఇప్పుడు మహబూబాబాద్ అంటున్నారు. కృష్ణమాచార్య 1925లో పుట్టాడు, రంగాచార్య 1928లో పుట్టాడు. ఇద్దరూ నిజాం మీద పోరాటంలో దిగినవాళ్లే.

నిజామాబాద్ ఖిల్లా మీద ఒక జైలు ఉండేది. 1948లో కవి దాశరథి, ఆళ్వారుస్వామి ఆ జైల్లో కలిసి ఉన్నారు. జైల్లో కాగితం ఇవ్వరు, కలం ఇవ్వరు. కవికి పద్యం వచ్చిందంటే ఆపుకోలేడు. ఏం చేయాలి? ఖైదీలకు పళ్లు తోముకోవడానికి బొగ్గు ఇచ్చేవారు. దాశరథి ఆ బొగ్గుముక్కతో గోడ మీద నిజాం మీద పద్యాలు రాశాడు. మీరు నల్ల పలక మీద తెల్ల బలపంతో రాస్తారు. ఆయన తెల్లగోడ మీద నల్ల బొగ్గుతో రాశాడు. జైలువాళ్లు ఊరుకుంటారా? గోడ తుడిచారు, కవిని కొట్టారు. పద్యాలు పోయాయా? పోలేదు. పక్కనే ఉన్న ఆళ్వారుస్వామి వాటిని నోటికి నేర్చేసుకున్నాడు. గోడ మీద తుడవవచ్చు, ఆళ్వారుస్వామి నోట్లోంచి ఎలా తుడుస్తారు?

1949లో దాశరథి కృష్ణమాచార్య మొదటి పుస్తకం అగ్నిధార వచ్చింది. దాన్ని ఎవరికి అంకితం ఇచ్చాడు? రాజుకు ఇవ్వలేదు, జమీందారుకు ఇవ్వలేదు. ఆళ్వారుస్వామికి ఇచ్చాడు. అంకితం అంటే ఈ పుస్తకం నీది అని పేరు రాసి ఇవ్వడం. పాతకాలంలో కవులు డబ్బున్నవాళ్లకు అంకితం ఇచ్చి బంగారం తెచ్చుకునేవారు. ఒకప్పుడు వంట చేసుకుని బతికినవాడికి, జైల్లో తోడున్నవాడికి అంకితం ఇస్తే ఏం వస్తుంది? ఏమీ రాదు. అయినా ఇచ్చాడు.

జైలు నుంచి బయటికి వచ్చాక ఆళ్వారుస్వామి ఊరుకోలేదు. రిక్షా తొక్కేవాళ్లకు సంఘం కావాలంటే వాళ్ల వెంట తిరిగాడు. అదొక పక్క. రాయడం ఇంకో పక్క. జైల్లో చూసిన ఖైదీల మీద కథలు రాసి జైలు లోపల అని పేరు పెట్టాడు. దొంగ అని, హంతకుడు అని లోకం పేరు పెట్టినవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల బాధ ఏమిటో విని రాసిన కథలు అవి.

ఆయన రాసిన పెద్ద పుస్తకం ప్రజల మనిషి. ఇది నవల. నవల అంటే పెద్ద కథ. చాలా రోజులు చదవాలి. తెలంగాణ పల్లె బతుకును మొదట నవలగా రాసింది ఇదేనని చాలామంది పెద్దలు అంటారు. దిమ్మెగూడెం అని ఒక ఊరు, ఆ ఊరికి ఒక దొర. ఊరి భూములు ఎలా ఆయన చేతిలోకి పోయాయి, వెట్టి ఎలా చేయించాడు, కంఠీరవం అనే యువకుడు ఎలా ఎదురు తిరిగాడు, జనం ఎలా ఒక్కటయ్యారు, ఇదీ కథ. ఇది కల్పించిన ఊరే. అయినా చదువుతుంటే మీ ఊరి దొరే గుర్తుకు వస్తాడు.

ఆయన మనసులో ఇంకా పెద్ద లెక్క ఉంది. ఒక్క నవలతో అయ్యేది కాదు. తెలంగాణ జనం బతుకు ఎట్లా మొదలై ఎట్లా మారిందో, వరసగా నవలల్లో రాయాలి. రెండో నవల మొదలుపెట్టాడు. గంగు అని పేరు పెట్టాడు. గంగు ఒక ఆడమనిషి పేరు. దొరల పేరు కాదు, నాయకుల పేరు కాదు. ఆ నవల రాస్తూనే ఉన్నాడు.

1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామి పోయాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు కూడా నిండలేదు. గంగు పూర్తి కాలేదు.

మరి ఆగిపోయిన కథ ఏమవుతుంది? ఒక ఇల్లు గోడల దాకా కట్టి మేస్త్రీ పోతే ఆ గోడలు వానకు నానిపోతాయి. పుస్తకం కూడా అంతే. రాసినవాడు పోతే కథ అక్కడే ఉండిపోతుంది. నలుగురు అయ్యో పాపం అంటారు. సంతాప సభ పెడతారు, ఫొటోకు దండ వేస్తారు. తర్వాత ఎవరి పని వాళ్లది.

రంగాచార్య కూడా దండ వేసి ఊరుకోవచ్చు. ఆయనకు సికింద్రాబాద్ మున్సిపాలిటీలో ఉద్యోగం. పొద్దునపోతే సాయంత్రం దాకా ఆఫీసు, ఫైళ్లు. ఇల్లు, సంసారం. కానీ ఆళ్వారుస్వామి తలపెట్టిన పని సగంలో ఆగిందనే బాధ ఆయన్ని వదల్లేదు. ఆ పని తాను నెత్తికెత్తుకున్నాడు.

ఎలా ఎత్తుకున్నాడో చూడండి. అసలు సంగతి ఇక్కడే ఉంది. గంగును తానే పూర్తి చేసి, కింద తన పేరు పెట్టుకోలేదు. ఆళ్వారుస్వామి పుస్తకాలు ఆయనవిగానే ఉంచాడు, ఒక్క అక్షరం కదపలేదు. ప్రజల మనిషి ఏ కాలం నుంచి మొదలవుతుందో చూశాడు. దానికంటే ముందు, 1938కి ముందు, పల్లె ఎలా ఉండేదో తాను రాశాడు. గంగు కథ ఏ కాలంలో ఉందో చూశాడు. దాని తర్వాత ఏం జరిగిందో తాను రాశాడు. మధ్యలో ఆళ్వారుస్వామికి పీట వేసి ఉంచి, తాను అటొక పుస్తకం, ఇటు రెండు పుస్తకాలు పెట్టాడు. బంతి భోజనంలో పెద్దాయన కోసం మధ్య విస్తరి వదిలేసి అటూ ఇటూ కూర్చున్నట్టు.

రచయితను ఇష్టపడేవాళ్లు చాలా రకాలు. కొందరు ఆయన మాటలు బట్టీపట్టి చెబుతుంటారు. కొందరు ఆయనలాగే రాయాలని చూసి, ఆయన నీడలో పడిపోతారు. రంగాచార్య చేసింది వీటన్నిటికంటే కష్టమైన పని. అట్లాంటి భక్తి తెలుగులో చాలా అరుదు.

ముందు కాలం గురించి రాసిన నవల పేరు చిల్లర దేవుళ్లు. ఊళ్లో దొర, కరణం, పోలీసు, ఎవరికి వాళ్లు దేవుళ్లమనుకుంటారు. అందుకని ఆ పేరు. పాణి అనే పాటల పంతులు బెజవాడ వైపు నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ తెలంగాణ పల్లెకు వస్తాడు. దొర గడీలో చోటు దొరుకుతుంది. బయటి నుంచి వచ్చినవాడి కళ్లతో గడీ లోపల జరిగేదంతా మనకు కనిపిస్తుంది.

ఆ గడీలో వనజ అనే అమ్మాయి ఉంటుంది. ఆమె ఆడబాప. ఆడబాప అంటే మీలో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. తెలియనివాళ్లు వినండి. దొర కూతురికి పెళ్లి చేసి అత్తవారింటికి పంపేటప్పుడు నగలు, పశువులు ఇస్తారు. వాటితో పాటు ఒక పనిపిల్లను కూడా ఇచ్చేవారు. ఆ పిల్లకు పెళ్లి లేదు. తన ఇల్లు లేదు. బతికినన్నాళ్లు ఆ గడీలో చాకిరీ చేయాలి. గడీ మగవాళ్లు ఏం చేసినా నోరెత్తకూడదు. పిల్లలు పుడితే తండ్రి పేరు ఉండదు. ఇది కల్పన కాదు. తెలంగాణ గడీల్లో నిజంగా జరిగింది. ఆ ఆడపిల్లల గురించి ఏ సర్కారు కాగితం రాసింది? ఏ రాజుల చరిత్ర రాసింది? ఒక నవల రాసింది.

చిల్లర దేవుళ్లుకు 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సినిమాగా కూడా తీశారు. బహుమతి సంగతి అట్లా ఉంచండి. దాంట్లో ఇంకో విశేషం ఉంది. ఆ నవలలో పల్లె జనం పల్లె మాటే మాట్లాడతారు. వచ్చిండు, పోయిండు అంటారు. మధ్య మధ్య ఉర్దూ మాటలు దొర్లుతాయి. ఇప్పుడు ఇది వింతగా అనిపించదు. ఆ రోజుల్లో అట్లా కాదు. పుస్తకం అంటే ఒక రకం తెలుగే ఉండాలని అనుకునేవారు. తెలంగాణ మాటను చూసి నవ్వేవాళ్లు ఉండేవారు. సినిమాల్లో ఆ మాటను రౌడీకో, హాస్యానికో పెట్టేవారు.

మీలో ఎంతమందికి ఆ నవ్వు తగల్లేదు? దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో చీర బేరమాడుతుంటే, బ్యాంకులో ఫారం అడుగుతుంటే, పిల్లల బడిలో టీచరుతో మాట్లాడుతుంటే, ఎవరో ఒకరు మీ మాటకు మూతి తిప్పి ఉంటారు. అప్పుడు నోరు మూతపడుతుంది. నోరు మూతపడితే పని కూడా కాదు. అదే మాట అచ్చులో, పెద్ద పుస్తకంలో, అకాడమీ బహుమతి వచ్చిన పుస్తకంలో కనపడితే ఎట్లా ఉంటుంది? ఒకసారి చదివి చూసుకోండి. పైకి చదివితే ఇంకా బాగుంటుంది. ఈ మాటలు కంటికంటే చెవికి బాగా తెలుసు.

కథకు బలం ఎంత అని ఎవరైనా అడిగితే దూబగుంట పేరు చెప్పాలి. ఇది చదువు నేర్చిన ఆడవాళ్ల సంగతే కాబట్టి ఇక్కడ చెప్పుకోవడం న్యాయం. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగింది. అక్కడ చదువుకునే ఆడవాళ్ల పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా వల్ల కాపురం ఎట్లా చెడిందో, ఆడవాళ్లు ఎట్లా కూడారో చెప్పే కథ. దూబగుంట ఊరి ఆడవాళ్లు ఆ ఉద్యమ కాలంలోనే తమ ఊరి సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అట్లాగే అందరికీ తెలిసింది. ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకింది. 1993లో సర్కారు సారాను నిషేధించింది. 1995లో అన్ని రకాల మద్యాన్నీ నిషేధించారు. ఆ తర్వాత 1997లో సారా తప్ప మిగతా మద్యం మీద నిషేధం ఎత్తేశారు, అది వేరే కథ. సీతమ్మ కథ ఎంత ఉంటుంది? నాలుగు పేజీలు ఉంటే గొప్ప.

మళ్లీ రంగాచార్య దగ్గరికి వద్దాం. చిల్లర దేవుళ్లు తర్వాత ఆయన మోదుగుపూలు రాశాడు. మోదుగు చెట్టు మీకు తెలియనిదా! ఆ ఆకులతో విస్తర్లు కుట్టినవాళ్లు ఇక్కడే ఉంటారు. ఎండాకాలం మొదట్లో చెట్టుకు ఒక్క ఆకు కనపడదు, అంతా ఎర్రటి పూలే. అడవి అంటుకున్నట్టు ఉంటుంది. నిజాం మీద పల్లెలు తిరగబడిన కాలానికి ఆ పేరు పెట్టాడు. ఆ తర్వాత జనపదం రాశాడు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. మరి కలిసిన తర్వాత పల్లెకు ఏం జరిగింది? దొరలు పోయారా, టోపీ మార్చి మళ్లీ వచ్చారా? జనపదంలో ఆ సంగతి ఉంది.

రంగాచార్య ఇంకా ఎన్నో రాశాడు. నాలుగు వేదాలను తెలుగులోకి తెచ్చాడు. తన బతుకు కథను జీవనయానం అనే పేరుతో రాశాడు. 2015 జూన్‌లో, 86 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన పని చేసుకోవడానికి నిండు జీవితం దొరికింది. ఆళ్వారుస్వామికి అది దొరకలేదు. అందుకేనేమో, తనకు దొరికిన ఏళ్లలో కొన్నింటిని ఆయన పేరున ఖర్చుపెట్టాడు.

ఇప్పుడు మీ సంగతి. చదువు వచ్చింది. బస్సు మీద బోర్డు చదువుతున్నారు, కరెంటు బిల్లు చదువుతున్నారు, సంతకం పెడుతున్నారు. అంతటితో ఆగిపోతే అక్షరాలు మళ్లీ మసకబారతాయి. చాలామందికి అట్లా అయింది. ఏడాది పుస్తకం ముట్టకపోతే ఒత్తులు మరిచిపోతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో పుస్తకాలకు కొదవలేదు. కానీ అక్కడ ఎక్కువగా కనిపించేది ఉద్యోగ పరీక్షల పుస్తకాలు. కోచింగు సెంటర్ల పిల్లలు కొనుక్కుంటారు. కథల పుస్తకాలు కావాలంటే అడగాలి. పుస్తకం పేరు, రాసినవారి పేరు ఒక చీటీ మీద మీ చేత్తో రాసుకుని తీసుకుపోండి. గ్రంథాలయంలో అయితే ఆ చీటీ చూపిస్తే చాలు, వెతికి పెడతారు. లేకపోతే తెప్పించమని అడగండి. అడగడానికి సిగ్గుపడే పని లేదు.

పెద్ద పుస్తకం చూసి భయపడవద్దు. రోజుకు రెండు పేజీలు చాలు. నలుగురు కూర్చుని ఒకరు చదివితే మిగతావాళ్లు వినవచ్చు. చదివేవాళ్లు అలసిపోతే పక్కవాళ్లు అందుకోవచ్చు. అర్థం కాని మాట వస్తే పెద్దవాళ్లను అడగండి. గడీ మాటలు, వెట్టి మాటలు చదువుకున్న పిల్లలకంటే మీ అత్తలకు, అమ్మలకు బాగా తెలుసు. కాలేజీకి పోయే కూతురు అక్షరం చదివితే, ఆ మాటకు అర్థం ముసలమ్మ చెబుతుంది. అట్లా చాలా ఇళ్లలో జరుగుతుంది.

ఏ పుస్తకం ముందు చదవాలి? వరస ఇదీ. మొదట చిల్లర దేవుళ్లు. అది రంగాచార్యది. దాని తర్వాత ఆళ్వారుస్వామి ప్రజల మనిషి. ఆ తర్వాత ఆయనదే గంగు. గంగు చదువుతూ చదువుతూ ఒకచోటికి వచ్చేసరికి కథ ఆగిపోతుంది. పేజీలు చిరిగిపోయాయేమో అనుకుని వెనక్కీ ముందుకూ తిప్పి చూడవద్దు. పుస్తకం అంతే. ఆయన అక్కడిదాకే రాశాడు. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి మోదుగుపూలు తీసుకోండి.